సెలవుల వంతు కొనదగినదేనా?

మన కళాశాలలో పట్టా పుచ్చుకుని వెళ్లినవారిలో ఏటా కొందరు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు కంపెనీల్లో చేరుతూనే ఉన్నారు. చేరిన మూడు నాలుగేళ్లకు పెళ్లి, ఆపైన కారో ఫ్లాటో. ఆ తరువాత ఏదో ఒక ఆదివారం దళసరి రంగుల పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని మా ఇంటికి వస్తారు. "సార్, మీరు కామర్స్ చెప్పారు కదా, ఇది కొనొచ్చా?" అని అడుగుతారు. ఆ పుస్తకంలో కొండలు, కొలనులు, పరుగెత్తే పిల్లలు ఉంటారు. ధర మాత్రం ఉండదు. ధర నోటితో చెబుతారు.

దీన్ని టైమ్‌షేర్ అంటారు. మన పాఠ్యప్రణాళికలో ఈ మాట లేదు గాని, దీన్ని తేల్చడానికి కావలసిన లెక్క రెండో సంవత్సరంలోనే ఉంది. మీలో అనేకులకు ఈ ప్రశ్న ఎదురయ్యే రోజు దగ్గరలోనే ఉంది కాబట్టి, ఈ సంచికలో దాన్నే పాఠంగా చెప్పదలిచాను.

విహారస్థలంలో ఒక ఇల్లు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నవాళ్లు కూడా ఏడాది పొడుగునా అక్కడ ఉండరు. అటువంటప్పుడు ఆ ఇంటిని వారాల కింద కోసి, వారానికొక కుటుంబానికి అమ్మితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన 1960ల్లో స్విట్జర్లాండ్, ఫ్రాన్సు దేశాల కొండ ప్రాంతాల్లో పుట్టింది. 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అనే సంస్థ, ఒక చోట ఉన్న వారాన్ని ఇచ్చి మరో చోట వారం పుచ్చుకునే మార్పిడి పద్ధతి పెట్టడంతో వ్యాపారం పెద్దదయింది. మన దేశంలో స్టెర్లింగ్ 1986లోనూ, క్లబ్ మహీంద్రా పేరుతో అమ్మే మహీంద్రా హాలిడేస్ 1996లోనూ మొదలయ్యాయి. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. అంటే సరుకు ముందే వచ్చి కూర్చుంది, కొనేవాళ్లు తరువాత వచ్చారన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనవాళ్లు "రిసార్టులో వాటా కొన్నాం" అంటారు. అది వాటా కాదు. సాధారణంగా మన దేశంలో అమ్మేది ఫలానా సంవత్సరాల పాటు, తరచుగా 25 ఏళ్లు, ఏటా ఏడు రాత్రులు బస చేసే హక్కు మాత్రమే. ఆ 25 ఏళ్లు గడిచాక చేతిలో మిగిలేది ఫోటోలు. తిరుమలలో కాటేజీ కట్టించిన దాతలకు కూడా దేవస్థానం ఏటా కొన్ని రోజులు బస ఇస్తుంది. కాని ఆ దాతలు దాన్ని పెట్టుబడి అని ఎన్నడూ అనుకోలేదు. అది పుణ్యం ఖాతా.

నన్నడిగితే దీనికి సరైన తెలుగు మాట "వంతు". చెరువు కింద పొలమున్నవాళ్లకు చెప్పనవసరం లేదు. నీరటి వచ్చి నీ వంతు మంగళవారం రాత్రి అంటే, మంగళవారం రాత్రే మడవ కట్టుకోవాలి. వంతు ఉన్నంత మాత్రాన పంట పండదు, నారు నాటిన వేళకు వంతు రావాలి. టైమ్‌షేర్ సమస్య అంతా ఇందులోనే ఉంది. ఒక గదికి ఏడాదిలో 52 వారాలు. మరమ్మతులకు రెండు తీసేస్తే 50 వంతులు. బడికెళ్లే పిల్లలున్న కుటుంబానికి వీటిలో పనికివచ్చేవి ఎన్ని? మన రాష్ట్రంలో ఎండాకాలం సెలవులు సుమారు ఏడు వారాలు, దసరాకు రెండు, సంక్రాంతికి ఒకటి. ఎటు తిప్పి లెక్కేసినా పది. యాభై మందికి అమ్మిన గదిలో పది వంతులకే గిరాకీ. అందుకే కంపెనీలు ఏడాదిని రంగులుగానో, రుతువులుగానో, పాయింట్లుగానో విడగొట్టి, గిరాకీ వారాలకు హెచ్చు ధర పెడతాయి. తక్కువ ధరకు దొరికిందని సంతోషించేవాళ్లు సాధారణంగా కొనేది, తమకు ఊరు కదలడానికి వీలుకాని వారాలనే.

ఇక లెక్క. ఇవి ఏ ఒక్క కంపెనీ రేట్లూ కావు, పాఠానికి వీలుగా నేను వేసుకున్న అంకెలు. ధర 5 లక్షలు, గడువు 25 ఏళ్లు, ఏటా 7 రాత్రులు. అమ్మకందారు లెక్క తేలిక: 25 ఏళ్లకు 175 రాత్రులు, 5 లక్షలను 175తో భాగిస్తే రాత్రికి 2,857 రూపాయలు. "ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఏ హోటల్ దొరుకుతుంది మేడమ్?" అంటాడు. నిజమే, దొరకదు. కాని ఆ లెక్కలో మూడు చోట్ల చిల్లు ఉంది.

మొదటిది పన్ను. సభ్యత్వం మీద జి.ఎస్.టి. 18 శాతం, అంటే 90 వేలు. 5 లక్షలు కాస్తా 5 లక్షల 90 వేలయింది. రెండోది ఏటేటా కట్టవలసిన నిర్వహణ రుసుము. వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి, కట్టకపోతే ఆ ఏటి వంతు ఇవ్వరు. దాన్ని 18 వేలు అనుకుందాం, పన్నుతో 21,240. ఏడాదికి 5 శాతం పెరుగుతుందనుకుంటే 25 ఏళ్లలో ఈ రుసుమే 10 లక్షలు దాటుతుంది, కొన్న ధరకంటె ఎక్కువ. మూడోది, అందరూ మరిచిపోయేది, ముందుగా ఇచ్చేసిన డబ్బు మీద పోయిన వడ్డీ.

మూడింటినీ ఒక తాటి మీదకు తెచ్చే పద్ధతి ఇది. ఆ 5 లక్షల 90 వేలను కంపెనీకి ఇవ్వకుండా 7 శాతం వడ్డీకి వేసుకున్నామనుకోండి. మొదటి ఏడు చివర సుమారు 31,400 తీసి, తరువాత ఏటేటా 5 శాతం చొప్పున పెంచుకుంటూ తీస్తే, సరిగ్గా 25 ఏళ్లకు ఆ డబ్బు అయిపోతుంది. దీనికి కట్టకుండా మిగిలిన 21,240 కలపండి. మొత్తం 52,600 పైచిలుకు. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 7,500. అంటే నేటి ధరల్లో రాత్రికి 7,500 పెట్టి, ఏటేటా ధర పెరిగినా సరే, నచ్చిన ఊళ్లో నచ్చిన హోటల్లో దిగవచ్చు. వడ్డీ మీద 30 శాతం ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు చేతికొచ్చేది ఇంచుమించు 5 శాతమే కనుక, వాళ్ల విషయంలో ఈ అంకె 6,600 దగ్గర ఆగుతుంది. ఆ మేరకు టైమ్‌షేర్‌కు న్యాయం చేయాలి. మరో పక్క, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు హోటల్ గదుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అరకులోనో అనంతగిరిలోనో పర్యాటక శాఖ వారి హరిత హోటళ్లలో దిగేవాళ్లకయితే ఈ పోలికే అనవసరం.

ఇదంతా ఏడుకు ఏడు రాత్రులూ, ఏటా, 25 ఏళ్ల పాటు వాడుకుంటే. నాలుగే వాడుకుంటే? రాత్రికి 13 వేలు దాటుతుంది. పన్ను కట్టేవాళ్ల లెక్కలోనైనా 11,500. కొన్ని పథకాల్లో మిగిలిన రాత్రుల్ని వచ్చే ఏటికి మళ్లించుకోవచ్చు. కాని ఈ ఏడు దొరకని తీరిక వచ్చే ఏడు రెట్టింపు దొరుకుతుందా?

కిందటేడు నా దగ్గరకు వచ్చిన జంటను ఇదే అడిగాను. ఇద్దరూ ఐ.టి. ఉద్యోగులే. అతనిది జగిత్యాల, ఆమెది భీమవరం. అమ్మాయి మూడో తరగతి. "గత అయిదేళ్లలో, చుట్టాలిళ్లు, పెళ్లిళ్లు కాకుండా, విహారానికని వెళ్లి ఎన్ని రాత్రులు పడుకున్నారో రాయండి" అన్నాను. ఫోన్లలో ఫోటోల తేదీలు చూసుకుంటూ అరగంట కూర్చున్నారు. పందొమ్మిది తేలాయి. అంటే ఏడాదికి నాలుగుకు తక్కువ. బతుకమ్మ, దసరా సెలవులు జగిత్యాలలో గడుస్తాయి. సంక్రాంతికి భీమవరం వెళ్లకపోతే మామగారు ఊరుకోరు. మిగిలింది మే నెల. ఆ మే నెలలోనేమో ఇతనికి రిలీజు, ఆమెకు అప్రైజళ్లు. "డబ్బుకు ఇబ్బంది లేదు సార్, లీవే దొరకదు" అన్నాడు అతను. ఆమె మాత్రం వెంటనే, "అందుకే సార్, ముందే కట్టేస్తే అయినా కదులుతాం కదా!" అన్నది.

ఈ మాటను నేను కొట్టిపారేయలేను. టైమ్‌షేర్ తరఫున నేను విన్నవాటిలో బలమైన వాదన ఇదే. చీటీ కట్టడం, ఎల్.ఐ.సి. పాలసీ తీసుకోవడం కూడా మనల్ని మనం కట్టేసుకునే పద్ధతులే. అయితే చీటీలో ఎప్పటికయినా డబ్బు చేతికొస్తుంది. ఇక్కడ రాదు. పైగా మేనేజరు సెలవు ఇవ్వనంటే, రిసార్టుకు డబ్బు కట్టేశానన్న మాట అతని దగ్గర చెల్లదు. కట్టేసుకోదలిస్తే రైలు టిక్కెట్టు చాలదా అని ఆమెతో అన్నాను. నవ్విందే గాని ఒప్పుకున్నట్టు కనబడలేదు.

వాళ్లతో కలిసి ఒకసారి అమ్మకాల హాలుకు కూడా వెళ్లాను. దారి మీకు తెలిసినదే. మాల్‌లో ఒక చీటీ నింపుతారు, వారానికి బహుమతి వచ్చిందని ఫోను వస్తుంది, భార్యాభర్తలు ఇద్దరూ రావాలన్నది షరతు. ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతాను" అంటారు గదా, అందుకు. టీ, బిస్కెట్లు, గంటన్నర ఉపన్యాసం. మధ్యలో ఏదో బల్ల దగ్గర ఎవరో సంతకం పెట్టగానే అందరూ చప్పట్లు. ధర ఈ పూటకే, రేపటికి ఉండదట. మా బల్ల దగ్గర కుర్రాడు మర్యాదస్తుడు, డిగ్రీ పూర్తయి ఏడాదయిందట. ఎప్పుడంటే అప్పుడు గది దొరుకుతుందని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. "ఆ మాట ఒప్పందంలో ఏ పేజీలో ఉంది బాబూ?" అని అడిగితే, మేనేజరును పిలుస్తానని లేచి వెళ్లాడు. ఒప్పందంలో ఉన్నది "లభ్యతను బట్టి" అన్న మాట. నోటితో చెప్పినవన్నీ నీటి మూటలే అనను. కాని రేపు తగవు వస్తే చదివేది ఆ కాగితాన్నే.

మరి ఎవరికీ పనికిరాదా? పనికివస్తుంది. ఉద్యోగ విరమణ చేసి, పిల్లల బడి బాదరబందీ లేక, గిరాకీ లేని వారాల్లో తిరగగలిగిన దంపతులకు లెక్క సరిపోతుంది. పిల్లలు, తాతలు, మామ్మలు అందరూ కలిసి వెళ్లి, వంటగది ఉన్న పెద్ద యూనిట్‌లో దిగే కుటుంబాలకూ సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకు హోటల్లో రెండు మూడు గదులు కావాలి. 25 ఏళ్లు ఎదురుచూడలేనివాళ్లే కొంటే బాగుపడతారన్నది ఇందులోని చిత్రం. ముప్పై ఏళ్ల ఉద్యోగస్థులకు మాత్రం, ఉన్న లెక్క ప్రకారం, కొనమని నేను చెప్పను. ఎల్.టి.ఎ. కింద కలిసొస్తుందని కొందరంటారు. ఆ మినహాయింపు ప్రయాణపు చార్జీలకే గాని బసకు వర్తించదు.

కొన్నవాళ్లు బయటపడడం ఎలా అన్నది వేరే పాఠం. పాత సభ్యత్వానికి చెప్పుకోదగ్గ బజారు మన దగ్గర లేదు. బదిలీకి కంపెనీ అనుమతి, రుసుము ఉంటాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆర్లాండోలో ఇలాంటి హాళ్లలోనే కూర్చుంటారు. అక్కడ చాలా చోట్ల అది దస్తావేజుతో కూడిన ఆస్తి. గడువు అంటూ లేకపోవచ్చు, నిర్వహణ రుసుము వారసుల దాకా పోవచ్చు. కాని ఫ్లోరిడా చట్టం సంతకం చేసినవాడికి 10 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఇచ్చింది. యూరోపులో 14 రోజులు. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు కనుక, రద్దు గడువు ఎన్ని రోజులో, ఎంత కోస్తారో ఒప్పందంలోనే వెతుక్కోవాలి.

"రాత్రులు వాడుకోకపోతే వడ్డీతో తిరిగి ఇస్తాం" అనేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అప్పుడది సెలవుల వ్యాపారం కాదు, డిపాజిట్ల వ్యాపారం. ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ హోటల్ రాత్రుల పేరిట సేకరించిన డబ్బును సెబి సామూహిక పెట్టుబడి పథకంగా తేల్చి, 51 లక్షల పైచిలుకు మందికి 7,035 కోట్ల రూపాయలు తిరిగి ఇవ్వాలని 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది.

ఇప్పటికే సంతకం పెట్టి చిక్కులో ఉన్నవాళ్లు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రంలో నమోదు చేయించవచ్చు. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే రుసుము లేదు. మన లెక్కలోని 5 లక్షల 90 వేలకు 200 రూపాయలు. గడువు వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. గది అడిగినప్పుడు వచ్చిన "లభ్యం కాదు" అన్న ప్రతి జవాబునూ తేదీతో సహా దాచుకోవాలి.