కరిగే మైనం – మిగిలే అచ్చు

పాల్కురికి సోమనాథుని పేరుతో ప్రసిద్ధి కెక్కిన పాలకుర్తి 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది; నేడు జనగామ జిల్లాలో ఉన్నది. లోహకళకు పేరుపొందిన పెంబర్తి కూడా ఆ జిల్లాలోనిదే. పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్కపై అతికించి, ఉలితోను సుత్తితోను రూపాన్ని ఉబ్బెత్తుగా తీర్చుతారు. పని ముగిశాక వేడి తగిలిస్తే లక్క మెత్తబడి రేకును విడిచిపెడుతుంది. అదే లక్క మరొక రేకుకు పరుపవుతుంది.

పోతపనిలో మైనానికి ఆ అదృష్టం లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉషేగాం వంటి గ్రామాలలో ఓజ కళాకారులు చేసే డోక్రా బొమ్మలే ఇందుకు నిదర్శనం. 2018లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. మట్టిముద్దపై సన్నని మైనపు దారాలను చుట్టి రూపం తీర్చి, ఆపైన మెత్తని మట్టి పూసి, ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోగా ఏర్పడిన ఖాళీలో కరిగిన ఇత్తడిని పోస్తారు. చల్లారిన తరువాత ఆ మట్టి మూసను పగులగొట్టవలసిందే. ఒక మూసకు ఒకే బొమ్మ! పోత తప్పితే అంతవరకు పడిన శ్రమ అక్షరాలా మట్టిపాలే.

ఈ పద్ధతికి మధూచ్ఛిష్ట విధానమని పేరు. మధూచ్ఛిష్టమంటే తేనెమైనం. 12వ శతాబ్దపు చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసం' దీనిని వర్ణించింది. మైనాన్ని తూచి లోహం లెక్క కట్టడం ఇందులోని నేర్పు. ఇత్తడి సాంద్రత మైనానికి సుమారు 9 రెట్లు కనుక 100 గ్రాముల మైనానికి 900 గ్రాముల ఇత్తడి, పోత కాలువకు మరికొంత కావాలి.

మరి ఒకే బొమ్మ పది ప్రతులు కావలసివస్తే? అప్పుడు దాచుకోదగినది మూస కాదు, మైనపు ప్రతిని ఇచ్చే అచ్చు. మూలశిల్పంపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను విడదీయ వీలైన ముక్కలుగా పోసి ఈ అచ్చును తయారుచేస్తారు. మైనం అంటుకోకుండా దానిని నీటిలో నానబెట్టి, ముక్కలను కూర్చి కట్టి, కరిగిన మైనం పోస్తారు. అంచున కొంత మందం పేరుకోగానే మిగిలినదానిని ఒంపేస్తే బోలు బొమ్మ మిగులుతుంది. చంకలు, మడతలు వంటి లోతులున్న శిల్పానికి ప్లాస్టర్ అచ్చును మరిన్ని ముక్కలుగా చేయాలి. లేకపోతే విడదీసేటప్పుడు మైనం విరగవచ్చు. అక్కడ సాగే గుణమున్న సిలికాన్ రబ్బరే మేలు.

ఇంతటి రబ్బరూ డోక్రా దారపు అల్లికను కొత్తగా అల్లలేదు. ఉన్నదానినే మళ్లీ మళ్లీ ఇస్తుంది. పైగా ప్రతి మైనపు బొమ్మపైనా ముక్కలు కలిసినచోట ఒక అతుకు గీత పడుతుంది. దానిని వేడి కత్తితో చెరిపిన తరువాతనే మట్టి పూత మొదలవుతుంది. మైనం కొలిమికి పోతుంది. అచ్చు అలమారకు చేరుతుంది.