పిల్లల కీళ్లవాతం మందులు: మీరు చూసింది రాసిపెట్టండి

కీళ్లవాతం ముసలోళ్ల జబ్బని మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గట్టి నమ్మకం. అందుకే ఏడేళ్ల పిల్ల పొద్దున లేవగానే మోకాలు బిగుసుకుపోయి కుంటుతుంటే, బడి ఎగ్గొట్టడానికి సాకనుకుంటాం. వానాకాలం జ్వరాల తర్వాతి నొప్పులేనని కొన్నాళ్లు సరిపెట్టుకుంటాం. పదహారేళ్లలోపు పిల్లలకు కీలు వాచి ఆరు వారాలైనా తగ్గకపోతే, వేరే కారణం కనబడకపోతే, అది జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ కావచ్చు. చివరికి హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్ద దవాఖాన దాకా పోయి మందుల చీటీ రాయించుకొస్తాం. ఆ తర్వాత మందు వేసేది మీరే. డాక్టరు నెలకో, రెండు నెలలకో కాసేపు చూస్తారు. మిగతా రోజులన్నీ పిల్ల మీ కళ్ల ముందే ఉంటుంది. మందు పడుతుందో లేదో ముందు తెలిసేది మీకే.

ఈ జబ్బుకు తరచుగా రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేయాల్సిన గోలి. పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న గోలీయే కాబట్టి రెండూ ఒకే డబ్బాలో పెట్టకండి. గోలి వేసే రోజు ఏదో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి, ఇంట్లో నానమ్మకూ చెప్పండి. కాలేయానికి, రక్తకణాలకు డాక్టరు రాసిన పరీక్షలు, పిల్ల హుషారుగా ఉన్నా సరే, తప్పించొద్దు. జ్వరం, ఆయాసం, పొడి దగ్గు, కళ్లు పచ్చబడటం, నల్లటి మలం, ఒంటి మీద దద్దుర్లు కనబడితే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. అట్లని డాక్టరు స్టెరాయిడ్ గోలీలు కూడా రాసి ఉంటే, వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి. అది ఇంకో ప్రమాదం.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీన మొదలైంది, ఏ రోజు ఏం కనబడింది అనేవి చాలు. మెడికల్ షాపులో పట్టీ కత్తిరించి నాలుగు గోలీలు ఇస్తే, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క తరచుగా షాపులోనే ఉండిపోతుంది. పూర్తి పట్టీ అడగండి, లేదా ఆ నంబరు బిల్లు మీద ఉందో లేదో చూసుకోండి. ఊళ్లో వేయించిన సూది, పసరు, భస్మం కూడా రాయండి. అవి చెప్పడానికి మొహమాటపడితే డాక్టరు చీకట్లో వైద్యం చేయాల్సి వస్తుంది.

ఇంత రాసి ఏం లాభమని అడిగే తల్లిదండ్రులున్నారు. మందును అమ్మకానికి ముందు పరీక్షించేది కొన్ని వందల మంది పిల్లల మీదే. పదివేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు అక్కడ కనబడదు. వాడకంలోకి వచ్చాక ఇంటింటి నుంచి వచ్చే నివేదికల్లోనే బయటపడుతుంది. అమెరికాలో 2009 ఆగస్టులో అదే జరిగింది. ఈ జబ్బుకే ఇచ్చే ఎటానెర్సెప్ట్ లాంటి, టీఎన్‌ఎఫ్ అనే వాపు పదార్థాన్ని అడ్డుకునే మందులు వాడిన పిల్లల్లో 48 మందికి క్యాన్సర్ వచ్చినట్టు చేరిన నివేదికలను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలించి, మందుల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. ఆ పిల్లల్లో చాలామంది ఇతర మందులూ వాడుతున్నారు కాబట్టి తప్పంతా వీటిదేనని తేలలేదు. మందులను తీసేయనూ లేదు, ఎందుకంటే వాటితో లేచి నడిచిన పిల్లలున్నారు.

మన దేశంలోనూ ఇలాంటి పని జరుగుతోంది. మందుల దుష్ప్రభావాలను గమనించేందుకు 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని 2011 నుంచి గజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. నొప్పి, జ్వరాలకు వాడే నిమెసులైడ్ పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని ప్రభుత్వం నిషేధించింది 2011లోనే. కీళ్లనొప్పులకు, పిల్లల జ్వరానికి మనం తెగవాడే మెఫెనామిక్ యాసిడ్ డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ తెచ్చే అవకాశముందని 2023 నవంబరులో ఆ కమిషనే హెచ్చరించింది. దద్దుర్లు, జ్వరం, లింఫు గ్రంథుల వాపుతో అది మందు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాలకు బయటపడొచ్చు. అప్పటికి ఆ మందు సంగతే మరిచిపోతాం. నోటుబుక్కు అక్కరకొచ్చేది అప్పుడే.

మందు వల్ల ఇబ్బంది వచ్చిందని చెబితే డాక్టరుకు కోపమొస్తుందేమో, కేసవుతుందేమో అని జంకకండి. నివేదిక పంపినంత మాత్రాన ఎవరి మీదా తప్పు మోపినట్టు కాదు, పేరు గోప్యంగా ఉంచుతారు. మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు. ఈ కార్యక్రమానికి నివేదిక పంపేందుకు వినియోగదారుల కోసం తెలుగులోనూ ఫారం ఉంది. రాయడం కష్టమైతే ఈ కార్యక్రమం నంబరు 1800-180-3024కు పనిదినాల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఫోన్ చేసి చెప్పొచ్చు, ఖర్చేమీ ఉండదు. ఆ నంబరు మీ పిల్ల మందుల డబ్బా మూత మీద ఈ రోజే రాసిపెట్టండి.