ఎవరి పుస్తకం నిజం, సిస్టరమ్మా?

తల్లీబిడ్డల ఆరోగ్య పాఠం



ఈ పాఠం ఒక అవ్వ అడిగిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాము. పిల్లల ఓ.పి. రోజున ఆ అవ్వ తన ఇద్దరు కోడళ్ళను, ఇద్దరు చంటిబిడ్డలను వెంటబెట్టుకొని వచ్చింది. చీటీ రాయించుకొని బెంచీ మీద కూర్చున్న కాసేపటికే తోడికోడళ్ళ మధ్య మాటా మాటా పెరిగింది. పెద్దకోడలి సంచిలో రంగురంగుల మహిళా పత్రిక ఉంది. చిన్నకోడలి చేతిలో ప్రకృతి జీవనం గురించి రాసే చిన్న మాసపత్రిక ఉంది. పాలు చాలవనిపిస్తే డబ్బాపాలు పట్టవచ్చని ఒక పుస్తకం, తల్లిపాలు తాగే బిడ్డకు టీకాలే అక్కరలేదని ఇంకొక పుస్తకం. ఇద్దరూ పేజీలు తిప్పి చూపించుకుంటున్నారు. అవ్వ విసిగిపోయి మమ్మల్ని పిలిచింది. "ఎవరి పుస్తకం నిజం, సిస్టరమ్మా? నేను ఐదుగురిని ఏ పుస్తకమూ లేకుండానే సాకినాను" అన్నది.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. బిడ్డలిద్దరినీ చూసిన తరువాత విషయం తెలిసింది. పెద్దకోడలి మగబిడ్డకు నాలుగో నెల. సీసాపాలు తాగుతూ మూడు రోజులుగా విరేచనాలతో వాడిపోయి ఉన్నాడు. చిన్నకోడలి ఆడబిడ్డ తల్లిపాలతో, రాగి జావతో పుష్టిగా ఉంది. అయితే పది నెలలు నిండినా ఆ బిడ్డకు ఒక్క టీకా కూడా పడలేదు. ఇద్దరు తల్లులూ చదువుకున్నవారే, బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్నవారే. చెరొక పుస్తకంలోని ఒక్కొక్క మాట వారిని పక్కదారి పట్టించింది.

రెండు రకాల పత్రికలు

పిల్లల పెంపకం గురించి తెలుగులో చదువుకోవడం కొత్త సంగతి కాదు. డాక్టర్ కె.ఎన్‌. కేసరి గారు 1928లోనే మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' అనే స్త్రీల మాసపత్రికను స్థాపించారు. తరువాతి కాలంలో స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం గారి ప్రశ్నలు, జవాబుల శీర్షిక ఇంటింటికీ చేరింది. దినపత్రికలు కూడా స్త్రీల కోసం వసుంధర, నవ్య వంటి పుటలు నడిపాయి. వీటిని మనం అందరూ చదివే పత్రికలు అనుకుందాము. ఇవి సాధారణంగా డాక్టర్ల మాటను అనుసరిస్తాయి.

రెండో రకం, నడుస్తున్న పద్ధతిని ప్రశ్నించేవి. చలం గారి పేరు వింటే మన సంఘ పెద్దలు కొందరు ముఖం చిట్లించవచ్చు. అయినా పిల్లలను కొట్టరాదు, భయపెట్టి లొంగదీయరాదు అని 'బిడ్డల శిక్షణ' పుస్తకంలో గట్టిగా చెప్పినది ఆయనే. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకంలో స్త్రీలు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకొని, డాక్టర్లను సైతం ప్రశ్నించారు. ప్రకృతి వైద్యం, సహజ జీవనం గురించిన పత్రికలు కూడా ఈ వరుసలోనివే.

అమెరికాలోనూ ఇంతే. అక్కడ 1926లో మొదలైన 'పేరెంట్స్' మొదటి రకం పత్రిక. 1976లో మొదలైన 'మదరింగ్' రెండో రకం. 'మదరింగ్' అచ్చు పత్రిక 2011లో, 'పేరెంట్స్' అచ్చు పత్రిక 2022లో ఆగిపోయాయి. పత్రికలు ఆగినా వాదన ఆగలేదు. అది ఇప్పుడు మన చేతిలోని ఫోనులోకి వచ్చింది.

రెండు పక్షాలూ తప్పు చేశాయి

ముందు మా తప్పే చెప్పుకుంటాము. మేము నర్సింగ్ డిప్లొమా శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక ప్రసూతి వార్డులో పుట్టిన బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టేవారు కాదు. వేరే గదిలో ఉంచి, ముందు గ్లూకోజు నీళ్ళు పట్టించేవారు. మూడు గంటలకొకసారి గడియారం చూసి తల్లి దగ్గరకు తీసుకుపోయేవాళ్ళము. గోడ మీద పాలడబ్బా కంపెనీ క్యాలెండరు నవ్వుతూ ఉండేది. మాకు అదే శాస్త్రం. తల్లి పక్కనే బిడ్డ ఉండాలి, ముర్రుపాలు పారవేయరాదు, బిడ్డ ఏడ్చినప్పుడు పాలివ్వాలి అని వాదించినవారు అప్పట్లో మాకు చాదస్తుల్లాగా కనిపించారు. తీరా చూస్తే వారు చెప్పినదే సరైనది.

పెద్ద పేరున్న పుస్తకాలు కూడా తప్పాయి. అమెరికా డాక్టరు బెంజమిన్ స్పాక్ 1946లో రాసిన శిశుపోషణ పుస్తకం లక్షలాది ఇళ్ళకు చేరింది. 1950ల మధ్య నుంచి వచ్చిన ముద్రణల్లో బిడ్డను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చారు. వాంతి అయితే గొంతుకు అడ్డం పడుతుందేమో అన్నది కారణం. వినడానికి సబబుగానే ఉంది. కానీ బోర్లా పడుకున్న బిడ్డల్లోనే నిద్రలో హఠాత్తుగా చనిపోవడం ఎక్కువని తరువాత తేలింది. 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలైంది. కొన్నేళ్ళలోనే ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

ఇక రెండో పక్షం. 'మదరింగ్' పత్రిక తల్లిపాల కోసం గట్టిగా నిలబడింది. అది మెచ్చుకోదగినదే. అదే పత్రిక 2001లో హెచ్‌.ఐ.వి. ఉన్న ఒక గర్భిణి బొమ్మను ముఖచిత్రంగా వేసి, మందు వద్దనే ఆమె వాదనకు చోటిచ్చింది. అప్పటికి ఏడేళ్ళ ముందే, 1994లో, ఏ.జెడ్‌.టి. మందు వాడితే బిడ్డకు హెచ్‌.ఐ.వి. సోకడం నూటికి 25 నుంచి సుమారు 8కి తగ్గుతుందని రుజువైంది. ఆ తల్లి కుమార్తె 2005లో మూడేళ్ళ వయసులో చనిపోయింది. అది ఎయిడ్స్ వల్ల వచ్చిన న్యుమోనియా అని అక్కడి ప్రభుత్వ శవపరీక్షలో తేలింది. తల్లి 2008లో మరణించింది. ఆమె బిడ్డను ప్రేమించలేదని మేము అనము. ప్రేమ ఉంటే సరిపోదు, మాటను నమ్మేముందు పరీక్షించాలి అని మాత్రం అంటాము. మన రాష్ట్రంలో గర్భిణులకు హెచ్‌.ఐ.వి. పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

టీకాల సంగతి

టీకాలకూ ఆటిజమ్‌కూ సంబంధం ఉందని 1998లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. దానికి ఆధారం 12 మంది పిల్లలు మాత్రమే. ఆ వ్యాసాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కు తీసుకుంది. రాసిన డాక్టరు పేరును బ్రిటన్ వైద్యుల పట్టీ నుంచి అదే సంవత్సరం తొలగించారు. ఈ పన్నెండేళ్ళలో ఆ పుకారు ఊళ్ళు దాటింది, సముద్రాలు దాటింది. 2017లో మన పక్కనున్న తమిళనాడులో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం జరిగినప్పుడు ఫోన్లలో పాకిన పుకార్లకు ఎందరో తల్లిదండ్రులు బెదిరిపోయారు.

తల్లిపాలు తాగే బిడ్డకు టీకా ఎందుకు? మంచి ప్రశ్నే. తల్లి నుంచి బిడ్డకు కొంత రక్షణ వస్తుంది, నిజమే. కానీ తట్టు వంటి జబ్బుల నుంచి వచ్చే ఆ రక్షణ కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అందుకే తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు. తల్లిపాలు ఇంటికి గోడలైతే టీకా తలుపు. గోడలున్నాయి కదా అని తలుపు మానుకోము. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనిపించింది. 2014 మార్చిలో మనది పోలియో లేని దేశమని ధ్రువీకరించారు. ఇంటింటికీ తిరిగి వేసిన చుక్కల వల్లనే ఇది సాధ్యమైంది.

ఏది చదివినా అడగవలసిన ఐదు ప్రశ్నలు

1. ఎవరు రాశారు? పేరు, చదువు, పనిచేసే చోటు ఉన్నాయా? 'నిపుణుల సలహా' అని మాత్రమే ఉంటే ఆగి ఆలోచించండి.

2. ఎవరికి లాభం? పక్క పేజీలో ఏ ప్రకటన ఉందో చూడండి. పాలడబ్బాలు, పాలసీసాలను అదుపు చేసే చట్టం 1992లో వచ్చి, 1993 ఆగస్టు 1 నుంచి అమలైంది. 2003 సవరణతో రెండేళ్ళలోపు పిల్లల ఆహారాల ప్రకటనలకు కూడా అడ్డుకట్ట పడింది. అందువల్ల ప్రకటన అని చెప్పకుండా వ్యాసంలాగా వచ్చే మాటలను మరీ జాగ్రత్తగా చూడాలి. ప్రకృతి పత్రికవారు కూడా పొడులు, తైలాలు, శిబిరాలు అమ్ముకోవచ్చు. డబ్బా మీది పేరు కూడా నమ్మడానికి లేదు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో, తీపి పానీయాలకు ఓ.ఆర్‌.ఎస్‌. అనే పేరు వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

3. ఒకరి అనుభవమా, వేలమంది లెక్కా? "మా బిడ్డకు ఏమీ కాలేదు" అన్నది అనుభవం. దానిని గౌరవించవచ్చు. కానీ అందరి బిడ్డలకూ అదే కొలత కాదు.

4. ఈ మాట తప్పైతే నా బిడ్డ పోగొట్టుకునేది ఏమిటి? ఇదే ముఖ్యమైన ప్రశ్న. రాగి జావ మంచిదా, డబ్బాలోని గోధుమ ఆహారం మంచిదా అన్నదానిలో పొరపాటు పడితే మరుసటి వారం సరిదిద్దుకోవచ్చు. టీకా మానేసి జబ్బు వస్తే, పోయిన చూపునో ప్రాణాన్నో తిరిగి తేలేము. నష్టం చిన్నదైతే మీకు నచ్చినట్లు చేసి చూడండి. నష్టం పెద్దదైతే నలుగురిని అడగకుండా అడుగు వేయకండి.

5. నా బిడ్డకు ఇది వర్తిస్తుందా? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు, గుండె జబ్బున్న బిడ్డకు పుస్తకంలోని సలహా సరిపోకపోవచ్చు.

మన ప్రాంతంవారికి ఈ ఆలోచన కొత్త కాదు. పుత్తూరు కట్టు కోసం దూరదూరాల నుంచి జనం వస్తారు. మేము దానిని ఎగతాళి చేయము. అయితే ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చినా, కట్టు కట్టిన చేతివేళ్ళు నల్లబడినా, చల్లబడినా పెద్దాసుపత్రికి పరుగెత్తాలని మనకు తెలుసు. ఎక్కడిదాకా నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్నదే వివేకము. పత్రికల విషయంలోనూ అంతే.

రెండు పక్షాలూ ఒప్పుకునే మాటలు

గొడవ ఎంత ఉన్నా, మంచి పుస్తకాలు చాలా సంగతుల్లో ఒకే మాట చెబుతాయి. వీటిని గుర్తుంచుకోండి.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. మన ఎండల్లో కూడా నీళ్ళు అక్కరలేదు. తేనె, ఆముదం, వస నాకించవద్దు.

ఆరు నెలలు నిండగానే మెత్తని ఇంటి ఆహారం మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు. మన రాగులు బంగారం వంటివి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపే. జావతో పాటు పప్పు, గుడ్డు, ఆకుకూర, కొద్దిగా నెయ్యి కూడా చేర్చండి.

పాలు పిండి పట్టవలసి వస్తే సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు. కడగడం సులువు.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. కొట్టకండి. ఎత్తుకుంటే బిడ్డ చెడిపోదు.

ఏ పుస్తకమూ తిప్పకుండా వెంటనే రావలసిన సమయాలు

బిడ్డ పాలు తాగడం మానేసినప్పుడు. ఫిట్స్ వచ్చినప్పుడు. డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడినప్పుడు. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినప్పుడు. విరేచనాలతో కళ్ళు లోతుకు పోయి, మూత్రం తగ్గినప్పుడు. మలంలో రక్తం కనిపించినప్పుడు. లేపినా లేవకుండా మత్తుగా ఉన్నప్పుడు. రాత్రి అయినా, ఆదివారమైనా వెనుకాడకండి.

ఆ ఇద్దరు బిడ్డలు

మగబిడ్డకు ఓ.ఆర్‌.ఎస్‌., జింకు ఇచ్చి రెండు రోజులు ఉంచుకున్నాము. సీసా మాన్పించి, తల్లి రొమ్ముకు తిరిగి అలవాటు చేయడానికి మా సిస్టర్లు పక్కనే కూర్చున్నారు. పాలు కొంత తిరిగి వచ్చాయి, పూర్తిగా రాలేదు. మిగిలినది ఉగ్గుగిన్నెతో పట్టడం నేర్పించాము. ఆడబిడ్డకు వయసుకు తగినట్లు టీకాలు మొదలుపెట్టి కార్డు రాసిచ్చాము. టీకా ఆలస్యమైతే ఇక లాభం లేదనుకోకండి. వయసును బట్టి చాలావాటిని తరువాత కూడా వేయించుకోవచ్చు.

పోయేముందు మేము అవ్వకు జవాబు చెప్పాము. "అవ్వా, పుస్తకం మొత్తంగా నిజమా అబద్ధమా అని చూడొద్దు. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, ఇది తప్పైతే మన బిడ్డకు ఏం పోతుంది అని అడుగు." అవ్వ కాసేపు ఆలోచించి, "అట్లయితే మీ మాట దగ్గర కూడా ఆగాల్నా?" అన్నది. ఆగాలి అన్నాము. మేమూ ఒకప్పుడు గ్లూకోజు నీళ్ళు పట్టించినవాళ్ళమే కదా.

ఇంట్లోనూ స్త్రీల సమాజంలోనూ మాట్లాడుకోవడానికి

1. ఈ నెలలో బిడ్డల గురించి మీరు చదివిన లేదా ఫోనులో విన్న ఒక సలహా చెప్పండి. పై ఐదు ప్రశ్నలు దానికి వేసి చూడండి.

2. మీ ఇంట్లో అవ్వలు చెప్పిన పద్ధతుల్లో ఏవి ఉంచుకోవాలి? ఏవి వదలాలి? ఎందుకు?

3. మీ బిడ్డ టీకాల కార్డు ఎక్కడుంది? ఇవాళే తీసి చూడండి. ఏదైనా తప్పిపోయి ఉంటే ఆశా కార్యకర్తకు గానీ మాకు గానీ చూపించండి.