కాంతితో ఏకాగ్రత కుదురుతుందా?

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. మనసు మాత్రం ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. పరీక్షల ముందు మన హాస్టల్లో ఈ బాధ లేనివాళ్ళు అరుదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఈ మాటే అన్నాను. నెత్తిన పెట్టుకుంటే కాంతి ప్రసరించి ఏకాగ్రత పెంచే టోపీ ఒకటి వచ్చిందని ఎవరో సెల్‌ఫోన్‌లో చూపించారట. మా నాయన, "శనక్కాయలు అమ్మిన డబ్బు ఉంది గదా, తెప్పించమంటావా అబ్బీ?" అని అడిగాడు. సైన్సు చదువుతున్నానన్న మాటే గాని, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్న సంగతులను తోటి విద్యార్థుల ముందు ఉంచడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశ్యం.

ఎలుకలతో మొదలైన కథ

1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపురాతి స్ఫటికంతో మొట్టమొదటి లేజర్ తయారుచేశాడు. 1967లో హంగరీ రాజధాని బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపున వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తి గల కాంతిని ప్రసరింపజేశాడు. క్యాన్సర్ రాలేదు సరిగదా, కాంతి పడిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలిచాయి! మండించని, కోయని కాంతి కూడా జీవకణాన్ని కదిలించగలదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దీన్ని పుండ్లు మాన్పడానికి వాడి చూశారు. క్రమంగా శాస్త్రజ్ఞుల దృష్టి మెదడు మీద పడింది.

కణంలో జరిగేదేమిటి?

మన మెదడు బరువు శరీరంలో నూటికి రెండు వంతులే. అయినా విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదోవంతు అదే వాడుకుంటుంది. ఆ శక్తిని ఏ.టి.పి. రూపంలో అందించేవి మైటోకాండ్రియాలు. వాటిలో ఆక్సిజన్‌ను వినియోగించే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో రాగి, ఇనుము అణువులున్నాయి. ఇది ఎరుపు, పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఈ ఎంజైమ్‌కు అడ్డుపడిన నైట్రిక్ ఆక్సైడ్‌ను కాంతి విడగొడుతుందనీ, దానితో శక్తి ఉత్పత్తి పెరుగుతుందనీ ఒక సిద్ధాంతం. దీనిమీద ఇంకా చర్చ సాగుతూనే ఉంది. ఆకు చేసే కిరణజన్య సంయోగక్రియ వేరు, ఇది వేరు. ఆకు కాంతితో ఆహారం తయారుచేస్తుంది. మన కణం తిన్న ఆహారాన్నే మెరుగ్గా వాడుకుంటుందన్నది ఇక్కడి వాదన.

మరి ఎరుపు, పరారుణ కాంతే ఎందుకు? చీకట్లో టార్చిలైటు అరచేతికి ఆనించి చూడండి. అవతలికి ఎర్రటి వెలుగే వస్తుంది. నీలం, ఆకుపచ్చ రంగులను నెత్తురు పీల్చుకుంటుంది. ఎరుపు, దాని పక్కనున్న పరారుణ కాంతి కొంత లోతుకు పోతాయి. అయినా చర్మం, పుర్రె దాటి మెదడుకు చేరేది చాలా స్వల్పం.

ఒక ప్రయోగం, మా నాయన ప్రశ్న

2013లో అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన బారెట్, గొంజాలెజ్-లిమా అనే శాస్త్రజ్ఞులు 40 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. నుదుటి కుడివైపు 1064 నానోమీటర్ల పరారుణ లేజర్ ప్రసరింపజేసి, తెరపై గుర్తు కనబడగానే మీట నొక్కమన్నారు. కాంతి పడినవాళ్ళు త్వరగా నొక్కగలిగారు.

ఈ సంగతి ఫోన్లో చెబితే నాయన అడిగిన మొదటి మాట: "మందు చల్లిన మడి సరే, చల్లని మడి పక్కనే ఉంచి చూసినారా?" నేను ఆశ్చర్యపోయాను. మనం లేబరేటరీలో కంట్రోల్ అనేది అదే గదా! చూశారు, రెండో జట్టుకు అదే పరికరం పెట్టి, నామమాత్రపు కాంతి ఇచ్చారు. తేడా కనబడింది గాని, మడి చిన్నది, చూసిన కాలమూ కొద్దిదే.

చిన్న మడిలో పండింది పెద్ద పొలంలో పండకపోవచ్చు. పక్షవాతం రోగులకు ఇటువంటి కాంతి చికిత్సే చేసి చూశారు. 2007లో ప్రకటించిన మొదటి పరీక్షలో 120 మందికి ఫలితం ఆశాజనకంగా ఉంది. 2009 నాటి రెండో పరీక్షలో 660 మందిని చూస్తే గట్టి రుజువు దొరకలేదు. మూడో పరీక్షను లాభం లేదని 2012లో మధ్యలోనే ఆపేశారు. జబ్బు వేరైనా పాఠం ఒకటే.

ఇక మోతాదు. యూరియా తక్కువైతే పైరు పచ్చబడదు, ఎక్కువైతే పడిపోతుంది. కాంతి కూడా అంతే. ఒక హద్దు దాటితే మేలు తగ్గి, కీడు కూడా జరగవచ్చునని కణాల మీద ప్రయోగాలు చెబుతున్నాయి. పైగా పరారుణ లేజర్ కంటికి కనబడదు గనుక రెప్ప మూసుకోదు, రెటీనా దెబ్బతినవచ్చు. కనుక మిత్రులెవరూ సొంతంగా ప్రయోగాలు చేయరాదు.

ఖర్చులేని కాంతి

కాంతి మెదడును చేరడానికి మరో దారి కూడా ఉంది. అదే కన్ను. రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థం గల కణాలున్నాయి. నీలికాంతి ఎక్కువగా ఉండే పగటి వెలుగు వీటి ద్వారా మెదడులోని గడియారాన్ని సరిచేస్తుంది. రాత్రి అదే కాంతి నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. తెల్లవారి వెలుగులో కాసేపు నడవడం, రాత్రి సెల్‌ఫోన్ పక్కన పెట్టి కంటినిండా నిద్రపోవడం – ఈ రెంటికీ దమ్మిడీ ఖర్చు లేదు.

నాయనకు ఇదే చెప్పాను: "అది అబద్ధమని అనలేను, కొనదగినంత రుజువు మాత్రం లేదు నాయనా" అని. "అయితే ఆ డబ్బు నీ పరీక్ష ఫీజుకు ఉండనీ" అన్నాడు. ఆ ఫీజు కట్టాను. ఈమధ్య తెల్లవారే లేచి గ్రౌండు చుట్టూ నడిచి వచ్చి చదువుకుంటున్నాను. రుజువు అడిగే అలవాటే సైన్సు మనకిచ్చే అసలు వెలుగు.