దూరం చెప్పే గడియారం

మా మోర్తాడ్ బస్టాండ్‌ల "నిజామాబాద్ ఎంత దూరం?" అని అడిగితే కిలోమీటర్లు చెప్పరు, "గంట పైనే పడ్తది" అంటరు. ఆకాశంలో దూరాల లెక్క కూడా ఇంతే. కాకపోతే బస్సు స్పీడు మారుతది. శూన్యంలో వెలుగు వేగం మారదు, సెకనుకు 2,99,792 కిలోమీటర్లు.

2023 డిసెంబర్‌లో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ, 100 కిలోమీటర్ల దూరంలోని మన విక్రమ్ ల్యాండర్ వైపు లేజర్ వెలుగు పంపింది. విక్రమ్ మీదున్న, అరచేతిలో పట్టేంత ప్రిజంల పరికరం దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపింది. పోయి రావడానికి పట్టే కాలం సెకనులో సుమారు 1,500వ వంతు. ఆ కాలాన్ని వెలుగు వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే దూరం వస్తుంది. రెండు మరిస్తే దూరం డబుల్! గడియారం ఒక్క మైక్రోసెకను తప్పినా 150 మీటర్ల తేడా.

అందుకే ఇక్కడ టేపు కన్నా ముందు మంచి గడియారం కావాలి.