యంత్రసమూహమున కాజ్ఞ యిచ్చు విధము

ఒక కంప్యూటరుపై ఒక ప్రోగ్రామును నడుపుట మన విద్యార్థులలో పలువురకు దెలిసిన పనియే. అయితే పెక్కు కంప్యూటర్లను ఒక్కటిగా జేర్చి, వానిపై పెక్కు ప్రోగ్రాములను రేయింబవళ్లు ఆగకుండ నడుపుట యెట్లు? ఈ పనికి నేడు లోకమున విరివిగా వాడబడుచున్న ఏర్పాటు కుబర్నెటీస్. దానికి మన మాజ్ఞ లిచ్చు పరికరము క్యూబ్‌సీటీఎల్. ఈ రెంటిని గూర్చియు, ఆజ్ఞ యిచ్చుటకు ముందు చేయవలసిన యొక చిన్న పనిని గూర్చియు ఇందు వ్రాయుచున్నాను. ఆ చిన్న పనిని విడిచి నేనొకమాఱు నష్టపడితిని. ఆ సంగతి తరువాత జెప్పెదను.

మొదట కంటెయినరు అనగా నేమో తెలిసికొనవలెను. ప్రోగ్రామును, అది నడచుటకు వలయు లైబ్రరీలను ఒక్క మూటగా గట్టినచో దానిని ఇమేజ్ అందురు. తల్లి ప్రయాణమగు బిడ్డకు అన్నము, కూర, పచ్చడి ఒకే క్యారియరులో సర్ది యిచ్చినట్లే యిది. ఎక్కడ విప్పినను వలసినవన్నియు అందే యుండును. ఆ మూటను విప్పి నడుపగా నడచునదే కంటెయినరు. 2013లో డాకర్ అను సాధనము వెలువడిన పిమ్మట ఈ పద్ధతి మిక్కిలి వ్యాపించినది. మూటలు పదులు, నూఱులు అయినప్పుడు ఏది యే యంత్రముపై నడువవలెను, ఒకటి చెడినచో దాని స్థానమున మఱియొకదాని నెవరు నిలుపవలెను అను చిక్కు పుట్టును. ఇది తీర్చుటకై గూగుల్ సంస్థవారు 2014లో కుబర్నెటీస్‌ను ప్రకటించిరి. 2015లో దాని మొదటి పూర్ణరూపము వెలువడినది. ఆ పేరు గ్రీకు పదము. చుక్కాని పట్టువాడని యర్థము.

ఇట్లు చేర్చిన యంత్రసమూహమునకు క్లస్టరనియు, అందలి యొక్కొక్క యంత్రమునకు నోడనియు పేరు. క్లస్టరునందు కంటెయినర్లను నిలుపు మిక్కిలి చిన్న యంశము పాడ్. ఇచ్చటి ముఖ్యసూత్రమేమనగా, మనము పని చేయు విధమును జెప్పము. కావలసిన స్థితిని జెప్పుదుము. “ఈ ప్రోగ్రాము ఎల్లప్పుడును మూడు పాడ్లుగా నడువవలెను” అని డిప్లాయ్‌మెంటు అను పత్రమున వ్రాసి యిచ్చినచో, క్లస్టరు ఆ కోరికను తన లెక్కలో వ్రాసికొనును. పిమ్మట ఉన్న స్థితిని కోరిన స్థితితో మాటిమాటికి పోల్చి చూచుకొనును. ఒక పాడ్ పడిపోయినచో, ఎవరును అడుగకయే వేఱొకదానిని నిలుపును. కావున పాడ్‌ను తుడిచినను మరల పుట్టుచున్నదేమి యని క్రొత్తవా రాశ్చర్యపడుదురు. పుట్టించునది డిప్లాయ్‌మెంటు, అది యున్నంతవఱకు పాడ్లు వచ్చుచునే యుండును.

ఇక ఆజ్ఞల సంగతి. వీనిని రెండు తరగతులుగా విభజించుకొనుట మేలు: చూచు నాజ్ఞలు, మార్చు నాజ్ఞలు.

చూచు వానిలో మొదటిది “క్యూబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్”. ఇది పాడ్ల పేర్లను, వాని స్థితిని, ఎన్నిమాఱులు మరల మొదలైనవో ఆ లెక్కను చూపును. స్థితి గడిలో “క్రాష్ లూప్ బ్యాక్ ఆఫ్” అని కనబడెనేని, ఆ ప్రోగ్రాము మొదలై మొదలై పడిపోవుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు క్లస్టరు సాధారణముగా 10 క్షణములు, 20 క్షణములు, 40 క్షణములు అని యెడము పెంచుచు, తుదకు 5 నిమిషముల కొకమాఱు దానిని మరల నడుప జూచును. కారణము తెలియుటకు “డిస్క్రైబ్ పాడ్” అని యడుగవలెను. జరిగిన సంగతులు పట్టిక యడుగున వరుసగా నుండును. ప్రోగ్రాము తాను వ్రాసికొన్న మాటలను “లాగ్స్” చూపును. పడిపోయిన కంటెయినరు చెప్పిన కడపటి మాటలు కావలసినచో తుదను రెండు గీతలు పెట్టి “ప్రీవియస్” అని చేర్చవలెను. వ్యాధి తెలియక మందు వేయరాదు గదా.

మార్చు వానిలో “అప్లై” పత్రమున వ్రాసిన కోరికను క్లస్టరునకు అందించును. “స్కేల్” పాడ్ల సంఖ్యను హెచ్చించును, తగ్గించును. క్రొత్త రూపము చెడ్డదని తేలినచో “రోలౌట్ అన్‌డూ” అనునది డిప్లాయ్‌మెంటును వెనుకటి రూపమునకు ద్రిప్పును. “డిలీట్” తుడిచివేయును. ఈ కడపటిదానికి వెనుకకు ద్రిప్పు నాజ్ఞ లేదు.

ఇప్పుడు నా పొరపాటు. పరీక్షల మార్కులు నిలుపు ప్రోగ్రాము ఒక క్లస్టరున నడచుచుండెను. బాలుర యభ్యాసమునకై దాని ప్రతి యొకటి వేఱొక క్లస్టరున నుండెను. రెంటియందును ఆ విభాగమునకు, అనగా నేమ్‌స్పేసునకు, ఒకే పేరు పెట్టితిని. మఱునాడు తలిదండ్రులు ప్రగతి పత్రములకై రానుండగా, ఆ సాయంకాలము అభ్యాసపు ప్రతిని తుడువనెంచి డిలీట్ ఆజ్ఞ నిచ్చితిని. నా కంప్యూటరు అప్పుడు అసలు క్లస్టరునకు గట్టబడి యున్నదని చూచుకొననైతిని. పరికరము నన్నేమియు అడుగలేదు. నేమ్‌స్పేసుతో బాటు డిప్లాయ్‌మెంటు పోయెను, పాడ్లు పోయెను, మార్కులు నిలిచిన భాండారమును పోయెను. పాడ్లను మరల పుట్టించు పత్రమే పోయినందున ఏదియు తిరిగి రాలేదు. వేఱుచోట దాచిన నకలు లేదు. ఆ రాత్రి తోటి యుపాధ్యాయులు కాగితపు రిజిస్టర్లు ముందు బెట్టుకొని, తెల్లవాఱువఱకు నాతో కూర్చుండి మార్కులన్నియు తిరిగి యెక్కించిరి. వారిలో నొక్కరును నన్ను నిందింపలేదు. అందుచేతనే యీ సంగతి నేను మఱువజాలకున్నాను.

నాటినుండి నే నాచరించుచున్న నియమములు నాలుగు. మొదటిది: మార్చు నాజ్ఞకు ముందు “కాన్ఫిగ్ కరెంట్-కాంటెక్స్ట్” అని యడిగి, నేను ఏ క్లస్టరునకు గట్టబడితినో చూచుకొందును. రెండవది: అప్లైకి ముందు “డిఫ్” అని యడుగుదును; మారబోవునవి యెవ్వియో అది ముందే చూపును. మూడవది: డిలీటునకు “ఇంటరాక్టివ్” అని చేర్చుదును, అప్పుడు పరికరము తుడువబోవువాని పట్టిక చూపి, అనుమతి యడుగును. నాల్గవది: మార్కుల నకలును క్లస్టరు వెలుపల దాతును. అభ్యాసము చేయు బాలురకు అసలు క్లస్టరున చూచు నధికారమే యిచ్చితిని. తమకు ఏది చేయ నధికారము గలదో వారు “ఆథ్ క్యాన్-ఐ” అను ప్రశ్నచే తెలిసికొనవచ్చును.

బాలబాలికలారా, ఈ పరికరము మీ మాటను తూచ తప్పక నెఱవేర్చును. మీ మనస్సులోని తలంపు దానికి దెలియదు. “కరెంట్-కాంటెక్స్ట్” అని యడిగి చూచుకొనుటకు ఒక్క క్షణము చాలును. ఆ క్షణమును మిగుల్చుకొనబోయి నేనొక రాత్రిని, అదియు పరుల రాత్రిని, ఖర్చు చేసితిని. మీరట్లు చేయకుందురు గాక.