పుట్టగానే ఏడ్చాడా? - ఆటిజం, కాన్పు గురించి కొన్ని విషయాలు

"బాబు నెలలు నిండి పుట్టాడా? పుట్టగానే ఏడ్చాడా? బరువు ఎంత ఉన్నాడు?" మూడేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లవాణ్ణి తీసుకుపోతే డాక్టరుగారు అడిగే ప్రశ్నలివి. నాందేడ్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇవే ప్రశ్నలు తల్లి మీద నేరంగా మారడం నేను చూస్తున్నాను. "గ్రహణం నాడు బయట తిరిగింది", "నొప్పులకు ఓర్చుకోలేక ఆపరేషన్ చేయించుకుంది" అంటారు. అందుకే ఈ పాఠం.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని పెద్ద చదువులు చదివిన వైద్యులే నమ్మారు. 1977లో ఇంగ్లండులో కవల పిల్లల మీద జరిగిన పరిశోధన ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ఆటిజంలో జన్యువుల పాత్రే ఎక్కువ అని నేడు తెలుసు. గర్భంలో, కాన్పులో జరిగే విషయాలు దానికి తోడయ్యేవి. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం, తల్లిదండ్రుల వయసు ఎక్కువ కావడం, గర్భిణికి షుగరు రావడం, రుబెల్లా సోకడం వీటిలో ముఖ్యమైనవి.

మనకు దగ్గరలోని ఆధారం హైదరాబాదు. ఆ నగరంతో సహా దేశంలో 5 చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 3,964 మందిని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం వంటివన్నీ కలిపి చూస్తే, ఆస్పత్రిలో కాకుండా జరిగిన కాన్పు, ఊపిరి అందకపోవడం, తక్కువ బరువు ఉన్నచోట ఈ సమస్యలు ఎక్కువగా కనిపించాయి.

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క జాగ్రత్తగా గమనించాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందును గర్భిణిగా వాడిన తల్లుల పిల్లలలో 100కు నలుగురికి పైగా ఆటిజం ఉన్నట్టు 2013లో డెన్మార్క్ పరిశోధకులు తేల్చారు. మొత్తం పిల్లలలో అది ఒకటిన్నర. ప్రమాదం దాదాపు మూడు రెట్లు, నిజమే. అయినా 95 మందికి రాలేదు కదా! అయితే ఈ మందును సొంతంగా మానేయకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. గర్భం రాకముందే డాక్టరును అడిగి మార్పించుకోవాలి.

మరి ఆపరేషన్ సంగతి? 2015లో స్వీడన్‌లో సుమారు 27 లక్షల మంది పిల్లల వివరాలు చూశారు. సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువగా కనిపించింది. కానీ ఒకే తల్లికి పుట్టిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పోల్చినప్పుడు ఆ తేడా మాయమైంది. అంటే కత్తి కారణం కాదు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. టీకాల మాట కూడా అంతే. 1998లో వచ్చిన ఆ వ్యాసాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది. పైగా రుబెల్లాను ఆపేది టీకాయే.

మన ఊళ్ళో ఇంకొక మాట వినిపిస్తుంది: ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు, అందుకే పిల్లవాడు మాట్లాడటం లేదని. ఎక్కువ భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా ఆగవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో ఉచితంగా పరీక్షిస్తారు. 2016 వికలాంగుల చట్టంలో ఆటిజం కూడా ఉన్నది కనుక సర్టిఫికెట్ పొందవచ్చు.

తొలి కాన్పుకు మన ఆడపిల్లలు నిజామాబాదో, నిర్మలో తల్లిగారింటికి పోతారు. డిశ్చార్జి కాగితం అక్కడే బీరువాలో ఉండిపోతుంది. బిడ్డ బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, ఎప్పుడు ఏడ్చింది అన్నీ అందులోనే ఉంటాయి. ఒక జిరాక్సు తెచ్చి టీకాల కార్డుతో కలిపి ఉంచండి.